పెద్దదిక్కు పోయిన ఇంట చదువుకు పూచీ ఎవరు?

నూజివీడు తోటల్లో జూన్ నెలాఖరుకు సందడి సద్దుమణుగుతుంది. ఏప్రిల్‌లో ఊపందుకున్న బంగినపల్లి కోత, మే నెలంతా సాగిన రసాల కోత అప్పటికి ముగుస్తాయి. గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే కలెక్టర్ కాయల ఆఖరి లారీలూ కదిలిపోతాయి. దాదాపు అవే రోజుల్లో ఆ పట్టణం దారుల్లో మరో ప్రయాణం మొదలవుతుంది. ట్రంకు పెట్టె, బకెట్, దుప్పట్ల మూట, సర్టిఫికెట్ల సంచి పట్టుకుని పదిహేను పదహారేళ్ల పిల్లలు తల్లిదండ్రుల వెంట ట్రిపుల్ ఐటీ గేటు వద్దకు చేరుకుంటారు. 2008లో చట్టం ద్వారా ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు తొలి ప్రాంగణాల్లో నూజివీడు ఒకటి. పదో తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశం, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు, నివాసం అక్కడే. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన వారికి అదనంగా 4 శాతం మార్కులు కలిపే పద్ధతి ఉంది. కోచింగ్ కొనుక్కోలేని ఇళ్ల నుంచి ఇంజనీర్లు రావడానికి తెలుగునాట తెరుచుకున్న ముఖ్యమైన ద్వారాల్లో అదొకటి.

నిరుడు ఆ గేటు దగ్గర నేనూ నిలబడ్డాను. మా అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకు పిన్ని, తన కూతురిని దింపడానికి వచ్చింది. తండ్రి రావలసిన చోటికి నేను వెళ్లాను. బాబాయి అప్పటికి రెండున్నర నెలల కిందట, ఏప్రిల్ మధ్యలో, ఒక తోటలో కాయ కోస్తూ చనిపోయాడు. చిక్కం కట్టిన ఇనుప గొట్టం కొమ్మల పక్కగా పోతున్న కరెంటు తీగకు తగిలింది. ఆ తర్వాతి వారం పదో తరగతి ఫలితాలు వచ్చాయి. దినవారాలు ఇంకా పూర్తికాని ఇంట్లో ఆ పిల్ల మార్కులను ఎవరూ పైకి చదవలేదు.

ఇంటి దుఃఖాన్ని పత్రికకు ఎక్కించడం నా ఉద్దేశం కాదు. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే వాడిగా, ఆ రెండున్నర నెలల్లో కళ్ల ముందు జరిగినదాన్ని ఒక సామాజిక ప్రశ్నగా చూడవలసి వచ్చింది. చావు ఏ కులాన్నీ విడిచిపెట్టదు. కానీ చావు వచ్చిన ఇంట్లో పిల్ల చదువు సాగుతుందా, ఆగుతుందా అన్నదాన్ని చాలావరకు కులమే నిర్ణయిస్తున్నది. పేదల ఇళ్లలో సంపాదించే మనిషి మరణాన్ని మన విద్యావిధానం ఒక సొంత విషాదంగా, అనుకోని ఆటంకంగా మాత్రమే చూస్తున్నది. అది ఎప్పుడూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉండే విషయమని గుర్తించి, అందుకు సిద్ధంగా ఉండే ఏర్పాటు మాత్రం చేయడం లేదు.

చెట్టు ఎవరిది, చెట్టెక్కేది ఎవరు?

మామిడి తోట తరతరాల ఆస్తి. ఒకసారి నాటిన చెట్టు దశాబ్దాల పాటు కాస్తుంది. యజమాని మరణిస్తే పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మారుతుంది తప్ప చెట్టు పూత మానదు. కొడుకు విజయవాడలో ఉన్నా, అమెరికాలో ఉన్నా, తోటను ఆ ఏటి కాపుకు వ్యాపారికి అప్పగించి బయానా తీసుకోవచ్చు. అంటే తోట ఉన్న ఇంట్లో తండ్రి మరణం తీరని శోకమే అయినా, మరుసటి ఏడాది ఫీజు కట్టే దారి మాత్రం మూసుకుపోదు. కూలి ఇంట్లో అలా కాదు. అక్కడ ఆస్తి మనిషి రెక్కలే. రెక్కలు ఆగిన రోజునే రాబడీ ఆగిపోతుంది.

ఈ తేడా నిన్న మొన్న పుట్టింది కాదు. నూజివీడు ప్రాంతం మేకా వంశపు జమీందారీ కింద ఉండేది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీని రద్దుచేసి, సాగులో ఉన్న రైతుకు పట్టా దారి చూపింది. భూమి జమీందారు నుంచి రైతుకు మారింది. రైతు పొలంలో పనిచేసే కూలీ దాకా మాత్రం రాలేదు. మాల, మాదిగ పల్లెల నుంచి తోటలకు పనికి వెళ్లేవారు జమీందారీ కాలంలోనూ కూలీలే, రైత్వారీ కాలంలోనూ కూలీలే. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట వరకు పరచుకున్న ఈ తోటల మధ్య కొందరికి తోట వారసత్వంగా దక్కింది, కొందరికి తోటపని వారసత్వంగా దక్కింది.

మామిడి వ్యాపారం నడిచే తీరు ఈ అంతరాన్ని ఇంకా పెంచుతుంది. పూత దశలోనో పిందె దశలోనో రైతు కాపును వ్యాపారికి అమ్ముతాడు. వ్యాపారి ముఠా మేస్త్రీని పెట్టుకుంటాడు. మేస్త్రీ తన పల్లె నుంచి మనుషులను తెస్తాడు. కాయ నున్న మార్కెట్‌కు చేరేసరికి దానికి కాటా చీటీ ఉంటుంది, లారీ బిల్లు ఉంటుంది, కమీషన్ లెక్క ఉంటుంది. కోసిన మనిషికి మాత్రం ఏ కాగితమూ ఉండదు. అందువల్ల ప్రమాదం జరిగినప్పుడు అతడు ఎవరి పనిమనిషి అన్న మొదటి ప్రశ్నకే సమాధానం దొరకదు. రైతు, కాపు అమ్మేశానంటాడు. వ్యాపారి, మనుషుల్ని మేస్త్రీ తెచ్చాడంటాడు. మేస్త్రీ కూడా మరో కూలీయే. చివరకు పెద్దమనుషుల సమక్షంలో ఎంతో కొంత ఇచ్చి రాజీ చేస్తారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. ఆ వచ్చిన మొత్తంలోంచి, సీజను మొదట్లో బాబాయి తీసుకున్న అడ్వాన్సును మినహాయించుకున్నారు. చనిపోయిన మనిషి పనిచేసినట్టు రుజువు లేదు గానీ, అప్పు తీసుకున్నట్టు రుజువు ఉంది!

చావు కాగితాలు, సీటు గడువు

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనలేం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్ల లోపు వయసున్న సంపాదనపరుడు మరణిస్తే, కేంద్రం నిధులతో నడిచే జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకసారి 20,000 రూపాయలు ఇవ్వాలి. ఆ మొత్తాన్ని 10,000 నుంచి 20,000కు పెంచింది 2012లో. ఆ తర్వాత దేశంలో ధరలు ఎంత పెరిగాయో వేరే చెప్పనక్కరలేదు. రాష్ట్రంలో వితంతు పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ నమోదు అసంఘటిత కార్మికుడికి కనీసం ఒక గుర్తింపునిచ్చింది. ఇవన్నీ అవసరమైనవే. కానీ వీటిలో ప్రతి ఒక్కటీ వేరే శాఖది, వేరే దరఖాస్తు, వేరే గడువు. మరణ ధ్రువీకరణ పత్రం లేనిదే కుటుంబ సభ్యుల పత్రం రాదు. అది లేనిదే పింఛను దరఖాస్తు కదలదు. పోలీసు కాగితం, శవపరీక్ష నివేదిక లేనిదే ప్రమాద బీమా ఊసే ఉండదు. వీటన్నిటి కోసం తిరగవలసిన మనిషి, ఆ వారమే కూలికి పోకపోతే పొయ్యి వెలగని మనిషి. ఒకే మనిషి. ఇద్దరు కారు.

అటువైపు సీటుకు తనదైన గడువు ఉంటుంది. ఫలానా తేదీకి దరఖాస్తు, ఫలానా తేదీకి పత్రాల పరిశీలన, ఫలానా తేదీకి ఫీజు. ఆ గడువుకు ఇంట్లో ఏం జరిగిందో తెలియదు, తెలుసుకునే మార్గమూ లేదు. 2024లో ఉత్తరప్రదేశ్‌లోని టిటోరా గ్రామానికి చెందిన ఒక దళిత దినసరి కూలీ కొడుకు ధన్‌బాద్ ఐఐటీలో సీటు తెచ్చుకున్నాడు. కట్టవలసింది 17,500 రూపాయలు. ఆ డబ్బు ఊళ్లో అక్కడా ఇక్కడా కూడబెట్టేసరికి గడువు నిమిషాల తేడాతో దాటిపోయింది, సీటు పోయింది. సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తన ప్రత్యేక అధికారాన్ని ఉపయోగించి, సెప్టెంబరు 30న ఆ సీటును తిరిగి ఇప్పించవలసి వచ్చింది. ఆ ఇంట్లో తండ్రి బతికే ఉన్నాడు. కుటుంబమంతా కలిసి పరుగెత్తింది. అయినా అందలేదు. ఇక పరుగెత్తే మనిషే లేని ఇంటి సంగతేమిటి? 17,500 రూపాయల కోసం ప్రతి కూలి ఇంటి బిడ్డా సర్వోన్నత న్యాయస్థానం మెట్లెక్కాలా?

డబ్బు ఎంత అన్నదానికంటే డబ్బు ఎప్పుడు అన్నదే ఇక్కడ అసలు విషయం. అంబేడ్కర్ జీవితంలోని ఒక ఘట్టం దీనికి సాక్ష్యం. తండ్రి రాంజీ సక్పాల్ 1913 ఫిబ్రవరి 2న మరణించారు. అదే ఏడాది జులైలో అంబేడ్కర్ న్యూయార్క్‌లో అడుగుపెట్టి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ కుటుంబానికి అంత పెద్ద దెబ్బ తగిలిన అయిదారు నెలల్లోనే అది సాధ్యం కావడానికి కారణం, బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ మంజూరు చేసిన నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకారవేతనం. ముందు నీ ఖర్చుతో చదువుకో, ఏడాది చివర పరిశీలించి ఇస్తామని ఆనాడు చెప్పి ఉంటే ఏమై ఉండేదో ఊహించుకోవచ్చు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న కాలంలోనే మొదలైందన్నది యాదృచ్ఛికం కాదు.

ఆ స్కాలర్‌షిప్ నుంచి మనం 'ఫీజు రీయింబర్స్‌మెంట్' అన్న మాటకు చేరుకున్నాం. ఆ మాటలోనే లోపం ఉంది. ముందు కట్టు, తర్వాత ఇస్తాం అని దాని అర్థం. ముందు కట్టగలిగిన వాడికి తర్వాత వచ్చినా పరవాలేదు. ఈ రాష్ట్రంలో 2021 నుంచి ఆ డబ్బు తల్లుల ఖాతాల్లో పడింది. 2024లో వచ్చిన ప్రభుత్వం తిరిగి కళాశాలలకే చెల్లించాలని నిర్ణయించింది. ఎవరి ఖాతా అన్నదానిపై పార్టీల మధ్య ఎంత వాదన జరిగినా, బకాయిలు మాత్రం ప్రభుత్వాలు మారినా పోలేదు. కేంద్రం 2020 డిసెంబరులో ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను సంస్కరించి, 60:40 నిష్పత్తిలో రాష్ట్రాలతో కలిసి అయిదేళ్లకు 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించింది. తల్లిదండ్రులు నిరక్షరాస్యులైన కుటుంబాలను, ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలను ముందుగా గుర్తించాలని అందులో ఉంది. మంచిదే. కానీ సంపాదించే మనిషి పోయిన ఇంటిని వెంటనే ఆదుకునే ఏర్పాటు ఇంకా మన ఆచరణలోకి రాలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. ట్రిపుల్ ఐటీలో పీయూసీకి ఏడాదికి నిర్ణయించిన ఫీజు 45,000 రూపాయలు. వితంతు పింఛను మంజూరైతే ఏడాదికి వచ్చేది 48,000. ఫీజు పథకం సకాలంలో పనిచేస్తే పింఛనుతో ఇల్లు గడుస్తుంది. ఆ పథకం ఒక్క ఏడాది తప్పితే, ఇల్లు గడవడానికి మిగిలేది ఏడాదికి 3,000 రూపాయలు. ఆ ఇంటి బిడ్డ చదువు అంత సన్నని గట్టు మీద నడుస్తున్నది.

తల్లి పేరుతో కులం

కాగితాల్లో అన్నిటికంటే క్లిష్టమైనది కుల ధ్రువీకరణ పత్రం. మన కార్యాలయాల ఆచరణలో కులం తండ్రి నుంచి వస్తుంది. తండ్రి బతికి, కలిసి ఉన్నంతవరకు ఈ ఆచరణ ఎవరికీ కనబడదు. తండ్రి పోయినప్పుడో, విడిచిపెట్టి వెళ్లినప్పుడో అది అడ్డుగోడగా లేస్తుంది. మా పిన్నిని ఒక కార్యాలయంలో బాబాయి పాత పత్రం తెమ్మన్నారు. బడికి వెళ్లని మనిషికి పాత పత్రం ఎక్కడిది? అదే పల్లెలో, అదే కులంలో పుట్టి, అదే కులంలో పెళ్లాడిన తల్లి ఎదురుగా నిలబడి ఉండగా, లేని మనిషి కాగితం కోసం మూడుసార్లు తిప్పారు.

చట్టం ఇంత ఇరుకుగా లేదు. రమేశ్‌భాయ్ దభాయ్ నాయకా కేసులో సుప్రీంకోర్టు 2012 జనవరిలోనే ఒక విషయం స్పష్టం చేసింది. కులాంతర వివాహంలో పుట్టిన బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్న భావన తిరుగులేనిది కాదు. ఎస్సీ లేదా ఎస్టీ తల్లి పెంపకంలో ఆ సమూహపు కష్టనష్టాలు, అవమానాలు అనుభవిస్తూ పెరిగినట్టు బిడ్డ నిరూపించుకోవచ్చునని చెప్పింది. ఆ తీర్పు తర్వాత కూడా తల్లుల మాటకు విలువ రాలేదనడానికి తెలుగు సమాజానికి రాధిక వేముల కంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు. భర్తకు దూరమై, గుంటూరులో కుట్టుపనితో పిల్లలను పెంచి, రోహిత్‌ను హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి పంపిన తల్లి ఆమె. 2016 జనవరి 17న రోహిత్ మరణించాక ఆమె చేయవలసి వచ్చిన మొదటి యుద్ధం తన కులాన్ని, తన బిడ్డ కులాన్ని రుజువు చేసుకోవడం. 2024లో పోలీసుల ముగింపు నివేదిక సైతం ఆ కులాన్నే ప్రశ్నించింది. ఏడు నెలల ఫెలోషిప్ కింద తనకు 1,75,000 రూపాయలు రావలసి ఉందని, దాన్ని తన కుటుంబానికి అందించాలని రోహిత్ ఆఖరి లేఖలో కోరిన సంగతి ఎందరికి గుర్తుందో తెలియదు. ఆ లేఖను మనం తాత్వికంగా చదివాం, రాజకీయంగా చదివాం. బకాయిపడ్డ ఉపకారవేతనం గురించి ఒక పేద విద్యార్థి చేసిన ఫిర్యాదుగా కూడా దాన్ని చదవవలసి ఉంది.

గేటు దాటిన తర్వాత

బిడ్డను గేటు దాటించి తల్లి వెనుదిరగడంతో కథ ముగియదు. అసలు కథ అక్కడే మొదలవుతుంది. నా ఉద్యోగ జీవితంలో చూసిన ఒక విద్యార్థి సంగతి చెబుతాను. గిరిజన తండా నుంచి వచ్చినవాడు. రెండో సెమిస్టర్ మధ్యలో తండ్రి పోయాడు. చెప్పకుండా వెళ్లి ఐదు వారాల తర్వాత వచ్చాడు. ఇంట్లో మేకలు అమ్మి అప్పు సర్దుబాటు చేసి వచ్చానన్నాడు. అప్పటికే హాజరు 75 శాతం కంటే తగ్గింది. పరీక్ష పోయింది, హాజరు లేదు కనుక ఫీజు పథకమూ పోయింది. నియమాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. ప్రతి ఒక్కరూ తమ పని తాము చేశారు, నాతో సహా. అన్నీ సక్రమంగా జరిగి, ఒక బిడ్డ చదువు మాత్రం ఆగిపోయింది. అతడు ఇంటికి వెళ్లిన మొదటి వారమే నేను ఫోన్ చేసి ఉండవలసిందన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఇలాంటి మరణాలు కొన్ని చోట్ల అనుకోనివి కూడా కావు. మామిడి తోటలకు ఉత్తరాన ఎ.కొండూరు మండలం లంబాడా తండాల్లో మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి మనుషులను తినేస్తున్నది. తాగునీటి గురించి, డయాలసిస్ గురించి ఆందోళనలు జరిగాయి, హామీలు వచ్చాయి. ఆ తండాల నుంచి చదువుకు బయల్దేరిన పిల్లల గురించి మాత్రం ఎవరూ అడగలేదు. తండ్రినో తల్లినో డయాలసిస్‌కు తీసుకెళ్లవలసిన పిల్లవాడు తరగతిలో మొదటి బెంచీలో ఎలా కూర్చుంటాడు? ఏ తండాలో ఎన్ని కుటుంబాలు పెద్దదిక్కును కోల్పోయాయో వైద్య శాఖకు తెలుసు. ఆ కుటుంబాల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో విద్యాశాఖకు తెలుసు. ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టే చెయ్యే లేదు.

ఆడపిల్లల విషయంలో మరో ఒత్తిడి తోడవుతుంది. ఇంట్లో చావు జరిగితే ఏడాది తిరిగేలోగా పెళ్లి చేయాలని, లేకుంటే మూడేళ్లు ఆగాలని మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. తండ్రి పోయిన పదో రోజునే బంధువులు ఆ మాట ఎత్తారు. బంధువుల మనసు చెడ్డది కాదు. తండ్రి లేని ఆడపిల్ల బాధ్యత ఎవరి మీద పడుతుందోనన్న భయం వారిది. మా పిన్ని ఒక్క మాటే అంది: "దాని బాబు కాయ కోసింది దాని పెళ్లికి కాదు." ఆ మాటతో మా ఇంట్లో ఆ ప్రస్తావన ముగిసింది. ప్రతి ఇంట్లోనూ ముగియదు.

ఉన్నత విద్యాసంస్థల్లో వివక్షను అరికట్టేందుకు యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. సమాన అవకాశాల విభాగాలు ఏర్పాటు చేయాలంది. అవి కాగితాలకే పరిమితమయ్యాయంటూ 2019లో రాధిక వేముల, ముంబైలో కుల వివక్షకు బలైన వైద్యురాలు పాయల్ తడ్వీ తల్లి అబేదా తడ్వీ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. బిడ్డలను విశ్వవిద్యాలయాలకు పంపి పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు, ఇతరుల బిడ్డల కోసం వేసిన వ్యాజ్యం అది. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు ప్రకటించగానే దేశంలో పెద్ద దుమారం రేగింది. అదే నెలాఖరున సుప్రీంకోర్టు వాటి అమలును నిలిపివేసింది. ఆ వాదోపవాదాల్లో వినబడిన ప్రధాన అభ్యంతరం, నిబంధనలు దుర్వినియోగం కావచ్చునని. దుర్వినియోగం గురించి అంత త్వరగా కలిగిన ఆందోళన, పద్నాలుగేళ్ల పాటు సాగిన నిరుపయోగం గురించి ఎందుకు కలగలేదు?

పేదరికం అందరిదీ కాదా?

ఇక్కడ ఒక ప్రశ్న తప్పక వస్తుంది. పేదరికం అన్ని కులాల్లోనూ ఉంది కదా, తండ్రి పోతే ఏ పేద బిడ్డకైనా కష్టమే కదా అని. నిజమే. అందుకే సంపాదనపరుడు పోయిన ఇంటికి ఇవ్వవలసిన విద్యా భరోసా ఏ కులపు పేదకైనా అందాలి. అయితే ఒక తేడాను మరుగుపరచలేం. భూమి ఉన్న కులాల్లోని పేద కుటుంబానికి కూడా ఆపదలో ఆసరా అయ్యే ఒక అల్లిక ఉంటుంది. ఉద్యోగంలో ఉన్న మేనమామ, హామీ ఉండగల షావుకారు, తాకట్టుకు ఒక అరెకరం, నగరంలో సొంత కులం వారి వసతిగృహం. గత శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచే కోస్తా పట్టణాల్లో పలు కులాలు తమ పిల్లల కోసం వసతిగృహాలు కట్టుకున్నాయి. ఆ కులాల ఎదుగుదలలో వాటి పాత్రను ఎవరూ కాదనలేరు. అలాంటి మిగులు లేని కులాలకు ఆ స్థానంలో ఉన్నది సాంఘిక సంక్షేమ వసతిగృహం ఒక్కటే. ప్రభుత్వమే వారికి మేనమామ, ప్రభుత్వమే హామీదారు. ఆ ప్రభుత్వం ఆలస్యం చేస్తే వెళ్లడానికి రెండో గడప లేదు.

సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1 తీర్పు తర్వాత మన రాష్ట్రం 2025 ఏప్రిల్‌లో ఎస్సీ వర్గీకరణను అమలులోకి తెచ్చింది. రెల్లి తదితర కులాలకు 1, మాదిగ ఉపకులాలకు 6.5, మాల ఉపకులాలకు 7.5 శాతంగా వాటాలు నిర్ణయమయ్యాయి. వాటాల న్యాయం గురించి మన మధ్య చర్చ సాగవలసిందే. కానీ గేటు దాకా రాలేని బిడ్డకు ఏ వాటా అక్కరకు వస్తుంది? మాల పల్లెలోనైనా, మాదిగ పల్లెలోనైనా, రెల్లి వీధిలోనైనా ఇంటి పెద్ద పోయిన ఏడాదే బిడ్డ చదువుకు గండం. ఈ ఒక్క విషయంలోనైనా అందరూ ఒకే గొంతుతో అడగగలగాలి.

అడగవలసినవి పెద్దవేమీ కావు. గ్రామ, వార్డు సచివాలయంలో ఒక మరణం నమోదైన వెంటనే, ఆ ఇంట్లో చదువుకుంటున్న పిల్లల పేర్లు సంక్షేమ శాఖకు చేరాలి. దరఖాస్తు కోసం ఎదురుచూడకూడదు. ఆ ఏడాదికి ఆ బిడ్డ నుంచి ఏ విద్యాసంస్థా ఏ రూపంలోనూ డబ్బు అడగకూడదు. మెస్సు ఖర్చు నెల మొదట్లోనే అందాలి. తల్లి కుల ధ్రువీకరణ పత్రం బిడ్డ పత్రానికి చాలినంత ఆధారమని రెవెన్యూ శాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. తండ్రినో తల్లినో కోల్పోయిన విద్యార్థికి హాజరులో, పరీక్షల్లో సడలింపు ఒక హక్కుగా ఉండాలి. ఆచార్యుడి దయగా కాదు. సమాన అవకాశాల విభాగం నుంచి ఎవరో ఒకరు సెమిస్టర్‌కు ఒకసారి ఆ తల్లికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడాలి. ఇక మామిడి వ్యాపారం విషయానికి వస్తే, కాయకు కాటా చీటీ రాసే మార్కెట్ వ్యవస్థ కోసే మనిషి పేరు కూడా రాయాలి. మార్కెట్ సెస్సులోంచి అతడికి బీమా కట్టాలి. తోటల మీదుగా పోయే కరెంటు తీగలను కోత మొదలుకాకముందే సరిచేయడం విద్యుత్ శాఖ బాధ్యత కావాలి. చెట్టు మీది మనిషి క్షేమంగా దిగితేనే కింద ఉన్న బిడ్డ చదువు నిలబడుతుంది.

ఆ రోజు గేటు దగ్గర మా పిన్ని ఏడవలేదు. కూతురి చేతికి ఆవకాయ డబ్బా ఇచ్చి, ఫోన్‌లో డబ్బులు వేయించుకోవడానికి మొహమాటపడొద్దని, అన్నం మానొద్దని చెప్పింది. పిల్ల లోపలికి వెళ్లి కనుమరుగయ్యాక బస్టాండుకు నడుస్తూ అడిగింది: "పెద్దోడా, ఆరేళ్లంటే ఎన్ని కాపులు?" ఆరు కాపులు పిన్నీ అన్నాను. ఆమె కాసేపు లెక్క వేసుకుంది. నిలువెత్తు గొట్టంతో కాయ కోయడం ఆమెకు రాదు. గ్రేడింగ్ పనికి, ప్యాకింగ్ పనికి వెళుతుంది. సీజను లేని నెలల్లో ఉపాధి హామీ పని. "ఆరు కాపులు నేను చూసుకుంటాను, ఏడో కాపుకు అది చూసుకుంటుంది" అంది.

ఆ తల్లి తన వంతు పూచీ ఆ రోజే పడింది. ఈ ఏడాది ఒక కాపు గడిచింది. పిల్ల మొదటి ఏడాది పూర్తిచేసింది. మిగిలిన అయిదు కాపులకు ఆమెతో పాటు పూచీ పడవలసిన ప్రభుత్వం, విశ్వవిద్యాలయం, సమాజం తమ మాట ఇంకా చెప్పలేదు.